తరుగు

మస్తాన్‌బీ గుంటూరు మిర్చి యార్డులో
ఇరవై రెండేళ్లు తాలుకాయలు ఏరింది.
ఇప్పుడు బెజవాడలో, రైవస్ కాలువ పక్కన,
మా ఆసుపత్రి కింది అంతస్తులో
సీసం పలకల గదిలో కూర్చుని
అద్దం అవతల నుంచి నన్నడుగుతోంది:
"ఉప్పులో అయోడినూ, నాకిచ్చిన అయోడినూ ఒకటేనా బిడ్డా?"

ఒకటే.
ఒకటి కాదు కూడా.

రెండు తేజ టిక్కీలు అనుకో పెద్దమ్మా,
అదే ఎరుపు, అదే ఘాటు.
ముక్కు పట్టలేదు, నాలుక పట్టలేదు.
కాటా ఎక్కితేనే బయటపడుతుంది
ఒకదాంట్లో నాలుగు గింజలు ఎక్కువని.
ఆ గింజల్ని న్యూట్రాన్లంటాం.
ప్రోటాన్లు యాభైమూడూ రెండింట్లో సమానం;
పేరు పెట్టేది అవే.
బరువుకి పేరుతో పనిలేదు.

ఆ నాలుగింటినీ ఇముడ్చుకోలేక
నీ అయోడిన్ లోపల్లోపలే చిటపటలాడుతుంది.
గొంతులో గ్రంథికి కాటా లేదు.
రెండు వారాలు నీకు ఉప్పు మాన్పించి
ఊరగాయ జాడీ దాపెట్టించింది
దాన్ని ఆకలికి మాడ్చడానికే.
కోసేశాక మిగిలిన పోగులు,
దారితప్పి మెడ పక్కకి పాకిన కణాలు
ఆబగా మింగుతాయి,
మింగినదే వాటిని కాలుస్తుంది.

"తాలుకాయ తనే నడిచొచ్చి గంపలో పడ్డట్టు," అంది.
ఎమ్మెస్సీలో నాకెవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ మూడు రోజులూ ఆమె చెమటకి మీటరు పలుకుతుంది,
తాగిన గ్లాసుకి, తల పెట్టిన దిండుకి.
ఏడిస్తే కన్నీళ్లకీ పలుకుతుంది, కానీ ఏడవలేదు.
స్నానాలగది నీళ్లని కాలువ వైపు పోనివ్వం.
తొట్టిలో కట్టేసి ఉంచుతాం:
ఎనిమిది రోజులకి సగం,
మరో ఎనిమిదికి ఆ సగంలో సగం,
ఎనభై రోజులకి వెయ్యోవంతు.
కాగితం మీద సున్నా మాత్రం రాదు.

నా హాస్టల్ స్నేహితురాలు శేషుకుమారి
తెనాలి వైపు బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తుంది.
నీళ్లలోనూ బరువువీ తేలికవీ ఉంటాయట,
సముద్రం దాటిన మబ్బులోంచి
బరువువి ముందుగా దిగిపోతాయట.
ఏ బోరులో కాలువ ఊట, ఏ బోరులో వాన,
చిట్టా చూసి చెబుతుంది.
వాళ్ల దొడ్లో బోరు నీళ్లు
వాళ్ల అమ్మమ్మ పుట్టకముందు కురిసినవని తేలాక
రెండు రోజులు ఆ నీళ్లతో అంట్లు తోమబుద్ధి కాలేదంది.

నాలుగో పొద్దున మీటరు దూరంలో నిలబడి కొలిచాను.
"ఎంత మిగిలింది?"
కొంచెం. మనవరాల్ని పదిరోజులు ఎత్తుకోకు.

చెప్పులేసుకుంటూ నవ్వింది:
"కాటా కాడ తరుగు తీస్తే
రైతులు పెద్ద గొడవ చేసేవాళ్లు.
నేనేమో తరుగు కోసం కాసుక్కూచున్నా."

ఆమె స్టీలు గ్లాసు ఇంకా మా సీసం బీరువాలో ఉంది.
చీటీ అంటించి తేదీ రాశాను.
సాయంత్రం వెళ్లేముందు మీటరు దగ్గర పెడతాను.
కిటకిట. కిట.
కాసేపటికి
ఇంకో కిట.