అరవై రెండో పేజీ

దిల్లేశూ,
నీ స్పైరల్ బైండింగు రాత్రంతా నా గుండెల మీదే పడుకుంది.
నూట నలభై ఎనిమిది పేజీలు.
అల్లిపురంలో కరెంటు రెండుసార్లు పోయింది.
నీ హీరో మాత్రం ఒక్కసారీ ఆగలేదు.
బీచ్ రోడ్డంతా పరిగెత్తాడు,
డాల్ఫిన్స్ నోస్ మీంచి దూకాడు,
సబ్‌మెరైన్‌లోనూ తన్నాడు.
మూడో పేజీలోనే వాడి మంచితనం మీద
ముగ్గురు సాక్ష్యం చెప్పారు.
ఇదేటి నాయనా, కోర్టా?

టీ తాగు. చల్లారిపోతోంది.

రేపు తెల్లారి నాలుక్కి ఫిషింగ్ హార్బరుకి రా.
స్క్రిప్టు తేకు. పెన్నూ తేకు.
మైలపిల్లి పోలమ్మని చూపిస్తాను.
వేలంలో వంజరం గంప ముందే నిలబడుతుంది,
ఆ చేప వైపు మాత్రం చూడదు.
పక్క గంపలో పీతల్ని తిడుతుంది,
పాటగాడి కొడుక్కి జ్వరం తగ్గిందా అంటుంది,
కొంగు ముడి విప్పి మళ్లీ ముడేస్తుంది.
వంజరం కావాలని ఆ ముడికి తెలుసు.
నువ్వు రాస్తే ఏమనేదో తెలుసా?
"ఈ చేప నాకు ప్రాణం, ఎందుకంటే నా జీవితంలో..."
అలా పేజీన్నర.
ధర అక్కడే పెరిగిపోయేది పిచ్చి గుంటడా!

ఇంకొకటి.
జగదాంబ దగ్గర కదిలిపోతున్న సింహాచలం బస్సు పట్టుకున్నట్టు
సీను పట్టుకో. స్టాపు రాకముందే దిగిపో.
నీ వాళ్లు తలుపు తీసి, నమస్కారాలు పెట్టుకుని,
కూర్చుని, మంచినీళ్లు తాగి
అప్పుడు కొట్టుకోవడం మొదలెడుతున్నారు.
అప్పటికి నేను నిద్రపోయాను, నిజంగానే.
కళ్లజోడు పొద్దున్న నలభయ్యో పేజీలో దొరికింది.

నీ విలనుకి ఒక పంటినొప్పి ఇవ్వు.
కొండలు తవ్వి అమ్ముకునేవాడైనా
పూర్ణా మార్కెట్లో లవంగాలు బేరమాడే పూట ఒకటుంటుంది.
ఇంటర్వెల్ సంగతి అడక్కు.
అదెక్కడ పడాలో నాకూ తెలీదు, ముప్పై ఏళ్లుగా.

నవ్వకు. నా భాగోతం కూడా విను.

హైదరాబాదులో పేరు పడని సినిమాలు పదకొండు రాశాను.
ఒకదాంట్లో తండ్రి పోయే సీను.
నాలుగు పేజీల డైలాగు.
వింటూ వింటూ నిర్మాత కళ్లొత్తుకున్నాడు,
అడ్వాన్సు ఆ పూటే చేతిలో పెట్టాడు.
నెల తిరక్కుండా
కేజీహెచ్‌లో మా నాన్న.
పోర్టులో ఖనిజం ఎత్తిన ఒళ్లు,
గోళ్ల కింద ఎర్రదుమ్ము ఇంకా వదల్లేదు.
కిటికీ వైపు చూసి,
"వానొచ్చేలా ఉంది.
సైకిలు లోపల పెట్టావా?" అన్నాడు.
ఆ సైకిలు అమ్మే
నాకు హైదరాబాదు టిక్కెట్టు కొన్నాడు, తొమ్మిదేళ్ల కిందట.
"పెట్టాను నాన్నా" అన్నాను.
అంతే.
నర్సు వచ్చి సెలైను సరిచేసింది.
పక్క మంచమాయన రేడియో సౌండు తగ్గించాడు.

ఆ సినిమా నేను చూడలేదు.
జనం ఏడ్చారట ఆ సీనుకి. మంచిదే.

సరే, అరవై రెండో పేజీ తియ్యి.
నీలం సిరాతో కొట్టేశావే, ఆ లైను.
ట్యూబులైటుకి ఎత్తిపట్టి, గీతల కిందనుంచి చదివాను:
"గౌరీశ్వరి ఇస్త్రీపెట్టె తీగ చుట్టింది.
గుమ్మం వైపు చూసింది.
మళ్లీ విప్పింది."
ఎవడు కొట్టెయ్యమన్నాడురా దీన్ని?
నూట నలభై ఎనిమిది పేజీల్లో
నేను లేచి కూర్చున్నది ఇక్కడొక్కచోటే.
ఎవర్రా ఆవిడ?
మీ జ్ఞానాపురంలో ఎవరైనా...
వద్దులే, చెప్పకు.
గ్లాసు అంచు తుడుస్తున్నావు. చాలు.

చినుకులు మొదలయ్యాయి.
ఈ కట్ట సంచిలో పెట్టుకో.
నాలుక్కి, హార్బరు గేటు దగ్గర, మర్చిపోకు.
నీ బండి బయటే ఉందా?
మెట్ల కిందకి లాక్కో, తడుస్తుంది.