కట్ట మీద వదిలిన జాగా

కీల్ పట్నంలో నాలుగో అంతస్తు,
కిటికీకి ఆనుకుని నా బల్ల.
బల్ల మీద రెండు వేల నూరో సంవత్సరం
అట్ట వేయని కాగితాల్లో పడుకుని ఉంది.

ఆరేళ్లుగా దాన్ని నేనే సాకుతున్నాను.
నా ఉద్యోగం ఇంకో పద్నాలుగు నెలలు.
నా పిల్లికి తొమ్మిదేళ్లు.
ఈ ప్రభుత్వానికి, ఏ గొడవా రాకపోతే, ఐదు.

"సముద్రం ఎంత లేస్తుంది?"
మంత్రిగారి కార్యదర్శి అడుగుతాడు,
ఉల్లిపాయల ధర అడిగినట్టు.
అరమీటరు కావచ్చు, మీటరుంపావు కావచ్చు అంటాను.
"ఏదో ఒక్క అంకె చెప్పండి.
అంకె లేనిచోట సంతకం నిలవదు."

నీరు పల్లమెరుగు,
నిధులు ఎన్నికలెరుగు.

నవంబరులో ఆ దీవికి వెళ్లాం.
దీవి అని మాటవరసకి అంటున్నాను,
సముద్రం తినబోయి మరిచిపోయిన పచ్చిక ముక్క అది.
దాని మీద తాతలు తట్టలతో పోసిన మట్టి దిబ్బలు.
దిబ్బకో ఇల్లు, ఇంటికో గొర్రెల కొట్టం.
చలికాలం పోటు పచ్చికంతా మింగేసిన రోజున
ఇళ్లు మాత్రం పైన మిగులుతాయి,
లంగరేసిన పడవల్లా.

ముగ్గురే పిల్లలున్న బళ్లో మీటింగు.
చిన్న బెంచీల్లో మోకాళ్లు గెడ్డానికి తగిలేలా కూర్చున్నారు
ఊరి పెద్దలు.
నేను పటం చూపించాను.
ముదురు నీలం అంటే మునక.
లేత నీలం అంటే,
ఆ మాట రాసింది నేనే,
"దశలవారీ ఉపసంహరణకు పరిశీలనార్హం".

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.
మొమ్మె కెటెల్సెన్ అనే ముసలాయన లేచి
కళ్లజోడు తుడుచుకుని, పటం దగ్గరికొచ్చి, వేలు పెట్టి
"ఈ లేత నీలంలో మా పొయ్యి ఉంది" అన్నాడు.
టీకి పిలిచాడు.

కప్పులో పటికబెల్లం ముక్క
వేడి టీ పడగానే చిటపటమంది.
అది విన్నాకే మాట మొదలుపెట్టాలట అక్కడ.
గుమ్మం పక్క కొయ్య మీద ఒక గీత,
అరవై రెండు ఫిబ్రవరిలో నీళ్లు ఆగినచోటు.
దానికి జానెడు కిందగా ఇంకో గీత.
"అది నేను. అప్పటికి ఆరేళ్లు.
మా అమ్మ అటక మీదికి లాగింది, జుట్టు పట్టుకుని."

నేను కప్పులోకి చూస్తున్నాను.

"ఎత్తు సంగతి మీ ఇష్టం తల్లీ," అన్నాడు,
"ఎంత వేసినా అది తప్పే అవుతుంది.
కట్ట మీద వెడల్పు ఎంత ఇస్తున్నారు?
మా తాత ఈ దిబ్బని కావలసినదానికంటే
వెడల్పు పోశాడు, ఊరంతా నవ్వింది.
మా నాన్న దాని మీద ఇంకో మీటరు ఎత్తగలిగాడు.
సన్నటి దాని మీద
వెనకొచ్చినవాడు తట్టెడు మట్టి వెయ్యలేడు."

తిరుగు ఓడలో రాత్రంతా
నా ఆరేళ్ల అంకెలు కొట్టేస్తూ వచ్చాను.
నూట నలభై పేజీల్లో ఎక్కడా లేని మాట
ఒకటే రాశాను: జాగా.
తీరం పొడుగునా కట్ట మీద ఐదు మీటర్ల జాగా,
ఎంత ఎత్తాలో
మనకంటే బాగా తెలిసినవాళ్ల కోసం.

"ఖాళీ జాగాకి ఇంత ఖర్చా?" అన్నాడు కార్యదర్శి.
"దాని మీద ఏముంటుంది?"
ప్రస్తుతానికి ఏమీ ఉండదన్నాను.
లేత నీలం గురించి ఎవరూ అడగలేదు.
అది అలాగే ఉంది, చెరపడానికి నాకు అధికారం లేదు.

ఐదు అడిగితే నాలుగిచ్చారు.

మొన్న ఆదివారం కొత్త కట్ట చూసొచ్చాను.
గాలికి టోపీ ఎగిరిపోయింది.
నాలుగు మీటర్ల మీదా గడ్డి లేచింది.
అడ్డంగా నిలబడి గొర్రెలు మేస్తున్నాయి,
నాకు దారి ఇవ్వలేదు.