అర కిలో మన్ను

మిరపకట్టె పీకేసి, పొలం పగుళ్ళతో నోరు తెరుచుకున్న నెలలో
రమీజా మేడం స్కూటీ ఆపి
పార తెమ్మంది.
"జానెడు లోతు, కత్తెర కోణంలా తవ్వు బాబాయ్.
గెనెం పక్కన వద్దు, చెట్టు నీడన వద్దు,
పెంట పోసిన చోట అసలే వద్దు."
ఎనిమిది చోట్ల తవ్వాను.
నల్లరేగడి నా చేతిని మణికట్టు దాకా మింగి వదిలింది.

సువార్త తన పాత చీర పరిచింది.
దాని మీద పోసి, గడ్డలు చిదిమి, కలిపి
రొట్టె విరిచినట్టు నాలుగు భాగాలు.
ఎదురెదురువి రెండు పారబోసి
మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు,
మళ్ళీ పారబోత.
ఐదెకరాలూ చివరికి
అర కిలో అయ్యి గుడ్డసంచిలో కూర్చున్నాయి.

"పేరు?" అంది.
ఆసామి పేరు చెప్పాను. బ్రాడీపేట నాలుగో లైను అని కూడా చెప్పాను.
పద్నాలుగేళ్ళుగా నోటికి అలవాటైన జవాబు:
పాసుపుస్తకంలో ఆయన, బ్యాంకు అప్పులో ఆయన,
తుపాను పరిహారంలో ఆయన.
కౌలు కార్డుకి సంతకం అడిగితే
"మన మధ్య కాగితాలేందిరా ఏసోబూ" అంటాడు.
మంచి మనిషే.
కౌలు డబ్బులు మాత్రం రెండుసార్లు లెక్కపెడతాడు.

"ఆయన పేరు కాదు బాబాయ్. దున్నేవాళ్ళ పేరు."

ఊళ్ళో ఆమె ఆఫీసుకి గోడ రంగూ బోర్డూ మారాయి,
ఫ్యాను మోత మారలేదు.
వేలు పెడితే పలికే పెట్టె ఒకటుంది, పలికిన రోజులు తక్కువ.
పేపరు కోసం వచ్చే ముసలాళ్ళు,
యూరియా దిగిందా అని తొంగిచూసే తలలు,
గేదె ఈనలేక తన్నుకుంటోందని అర్ధరాత్రి ఫోను చేసే పున్నారావు,
ఆనపగింజలు కొంగున ముడేసుకుని
అంగన్‌వాడీ దొడ్లో పాదులు తవ్వబోయే ఆడాళ్ళు.
వరండాలో మా ప్రసన్న.
లాం ఫారంలో డ్రోను తోలడం నేర్చి వచ్చాడు,
అరచెయ్యి గాల్లో తేలించి కుర్రాళ్ళకి చూపిస్తున్నాడు.
"పది నిమిషాలకి ఎకరం నాన్నా!"
ఇరవై ఏళ్ళు మందు డబ్బా మోసిన భుజం
నాలో కలుక్కుమంది.
ఎకరానికి నలుగురం దిగేవాళ్ళం. మిగతా ముగ్గురూ
ఎటు పోవాలో వాడి పాఠంలో లేదు.

ఆ అమ్మాయి చెప్పిందల్లా జరగదు.
మొన్నటేడు నల్లతామర పురుగు
ఆమె కట్టించిన నీలం అట్టల్ని చూసి నవ్వుకుంది.
పూత రాలిన రోజు వచ్చి గెనెం మీద కూర్చుంది,
ఒక్క మాటా మాట్లాడలేదు.
మందుల కొట్టాయన నాకు చాలా మాటలు చెప్పాడు,
నా గెనెం మీద ఏనాడూ కూర్చోలేదు.

నలభై రోజులకి కార్డు వచ్చింది.
జింకు తక్కువ. భాస్వరం ఎక్కువ, చాలా ఎక్కువ.
ఏటేటా అప్పు తెచ్చి పోసిన డి.ఏ.పి. అంతా
పైరుకి అందకుండా లోపలే పేరుకుని ఉందంట.
ఇంత సొమ్ము భూమిలో దాచుకుని
బీదోణ్ణనుకుంటున్నాను ఇన్నాళ్ళూ!
"ఈ ఏడు రెండు బస్తాలు తగ్గించు" అంది.
కొట్టాయన మొహం తలుచుకుని నవ్వొచ్చింది.

ప్రసన్న గట్టిగా చదివాడు.
సర్వే నెంబరు. దాని పక్కనే,
రైతు పేరు: కట్టెపోగు ఏసోబు.
మళ్ళీ చదవమన్నాను. కళ్ళజోడు లేదని అబద్ధమాడాను.

"దీంతో అప్పు రాదు, పరిహారం రాదు" అని
రమీజానే ముందు చెప్పింది, కళ్ళు దించుకుని.
తెలుసమ్మా.
మన్ను అడిగితే నా పేరు చెప్పిందిగా,
ఇవ్వాళ్టికి అది చాలు, రేపు మళ్ళీ
బ్రాడీపేట బస్సెక్కుతాను.

మన్ను పరిచిన చీరని సువార్త మూడుసార్లు ఉతికింది.
ఆ నలుపు పోలేదు.
కార్డుని దాని మడతలోనే పెట్టింది.