బాబిన్‌లో మిగిలిన దారం

బళ్లారి సేటు ఫోను ఎత్తక ఇరవైరెండు దినాలు.
రాయదుర్గంలో మా వీధి పొడుగునా
మిషన్ల చప్పుడు ఇల్లిల్లూ తగ్గుతా వచ్చి
ఇప్పుడు మూడిండ్ల అవతల కుక్కరు కూత కూడా వినపడతాంది.

పనిలేదు. అయినా ఏడుకల్లా షట్టరు ఎత్తుతాను.
పన్నెండు మిషన్లకూ చుక్క చుక్క నూనె పోసి
ఉత్త గుడ్డ మీద ఐదైదు నిమిషాలు తిప్పుతాను.
నిలబెట్టేసిన మిషను అలుగుతుంది,
పని వచ్చిన దినమే మొరాయిస్తుంది.

లెక్కల పుస్తకం మా నాయన ఎవురికీ చూపించేవాడు కాదు,
బీరువాలో, పంచెల అడుగున.
నేను కటింగ్ టేబులు మీద విప్పి పెట్టినాను.
రావాల్సింది ఇంత. ఇయ్యాల్సింది ఇంత.
ఇట్లే పోతే ఉగాది దాకా.
చదువు రాని మహబూబ్‌బీ
ఒక్కో వరుసా వేలితో తడిమి చూసింది.
"ఆరుగుర్ని ఇంటికి పంపాలని నీ మనసులో ఉంటే చెరిపెయ్"
అనింది తిప్పక్క.
"మూడు దినాలు వాళ్లు, మూడు దినాలు మేము."

హొన్నూరప్ప ఒప్పుకోలేదు. ఇద్దరు బిడ్డల ఫీజులు.
బెంగుళూరు బస్సెక్కినాడు, ఆపలేకపోయినాను.
అతని కత్తెర ఇంకా మేకుకే ఉంది.
అతని మిషనుకూ నూనె పోస్తాను.

మంచికాలంలో, గర్వానికి కొన్న ఎంబ్రాయిడరీ మిషను
సగం ధరకు పోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.
ఆ చోట, నూనె మరకల చదరంలో,
పిల్లోళ్లు బోర్లా పడుకొని ఎక్కాలు రాసుకుంటారు.

బుల్లెట్టు మీద ఫైనాన్సు ఆయన వచ్చినాడు.
మూడు రూపాయల వడ్డీ, నాకైతే రెండున్నర అంట.
టీ ఇచ్చి పంపినాను.
గ్లాసు కడుగుతా ఉంటే చెయ్యి వణికింది.

కరువేండ్లలో మా అవ్వ
శెనక్కాయ విత్తనాల కుండ మూతికి పేడ మెత్తి
అటక మీద పెట్టేది. కింద మాకు అంబలి.
ఏడిస్తే కొట్టేది.
కుండ మాత్రం దించేది కాదు.

కత్తిరించగా మిగిలిన జీన్సు పీలికలతో
ట్రాక్టరు సీట్లకు కవర్లు కుడుతున్నాం.
ఉరవకొండ సంతలో మొదటి వారం రెండు.
రెండో వారం తొమ్మిది.
మూడో వారం వాన, తడిసిన మూట మోసుకొని వచ్చినాం.

పైదారం అందరికీ కనబడుతుంది.
కింద బాబిన్‌లో ఎంత మిగిలిందో
ఆపి, మూత తీసి చూసుకోవాల్సిందే.
చూడనోడు సగం కాలు కుట్టినాక కూడా
ఉత్త రంధ్రాలు పొడుచుకుంటా పోతాడు.

నిన్న మాపున సేటు ఫోను.
రెండొందల పీసులు, పీసుకు నాలుగు రూపాయలు తక్కువ,
డబ్బు ఉగాది పోయినాక.
"సగం ముందు పంపు సేటూ" అన్నాను.
ఆ పక్క చాలాసేపు ఫ్యాను చప్పుడు.
ఈ పక్క తిప్పక్క
తల ఎత్తకుండానే
బాబిన్ మార్చుకుంటా ఉంది.