ఐసు లెక్క

పరీక్ష రేపే గదా, చదువు కామాక్షీ.
గట్టిగా చదువు, నేనూ వింటా.
ఈ బుట్టెడు రొయ్యలు ఒలిచేదాకా
నా చేతులకే పని, చెవులకి లేదు.

"ఉష్ణోగ్రత పెరిగిన చర్యా వేగము పెరుగును."

పెరుగును, పెరుగును.
రోహిణి ఎండలో తుమ్మలపెంట రేవుకి పడవ ఆనితే
నోట్లో వక్కాకు పండేలోపే
రొయ్య తల నల్లబడద్ది.
అదే మాఘంలో
పొద్దెక్కిందాకా ఓర్చుకుంటది.
ఇది మీ సారుకి తెలుసునా?

నిన్న కరెంటు పోయింది.
ఫ్యాక్టరీ డబ్బాల్లో ఐసు
గడ్డకట్టీ కట్టకుండా నీళ్ళుగానే ఆగిపోయింది.
మస్తాన్ని బతిమాలి తెచ్చిన దిమ్మ ఒక్కటి,
గోనెపట్టాలో చుట్టి భుజానేసుకుంటే
ఇల్లు చేరేసరికి పావొంతు నా వీపున కారింది.
దిమ్మని దిమ్మగా పెడితే
ఆనుకున్న నాలుగు రొయ్యలకే చలి.
సుత్తితో పొడిగొట్టి చల్లితే
అన్నిటికీ చలి, కానీ
ఆ పొడి ఎంతసేపుండద్ది?

"అది ఉపరితల వైశాల్యం మా."

అబ్బో, ఎంత పేరు!
నేను సుత్తి అంటా.

ఆ చివరిది మళ్ళీ చదువు, నిదానంగా.

"ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనును,
వేగమును పెంచును,
తాను మాత్రము తరుగదు."

ఓసి నీ... మన మాల్యాద్రే గదే!
కావలి నుంచి బండేసుకొస్తాడే, తెల్లచొక్కా.
ఆయన తాసు దించిందాకా రేటు కదలదు,
దించినాక నిమిషానికో రూపాయి జారద్ది.
"నల్లబడతన్నాయక్కా, నల్లబడతన్నాయి"
అంటానే ఉంటాడు.
ఆ మాటకే ఇంకాస్త నల్లబడతాయేమో.
రొయ్య పోద్ది, ఐసు పోద్ది, నా పొద్దు పోద్ది,
ఆయన చొక్కా మీద చుక్క పడదు.

నవ్వేది ఆపి రాయి.
ఆయన పేరు రాస్తే మార్కు కోస్తారా?

ఇటు చూడు, ఈ వేళ్ళ సందులు.
ఇరవై రెండేళ్ళుగా ఉప్పునీళ్ళలో ఒలుస్తా ఉండాది తోలు,
రోజూ రవ్వంత.
ఇంత నిదానమైంది మీ పుస్తకంలో ఉండదులే.

ఇంతకీ, ఆపేది ఏదన్నా రాశారా అందులో?

"ఆపడం ఉండదు మా.
నిదానం చెయ్యొచ్చు."

సరే. ఆ గోనెపట్టా తడిపి ఇటియ్యి.