బిసీచ్

దేవరకొండ తాసీలాఫీసు ముంగట
రేకు నీడల కూసోని
మా ఉస్తాదు గౌసుద్దీన్ సాబు
ప్రతి అర్జీ చివర ఒకటే మాట కొట్టేటోడు: బిసీచ్.
మిషన్ల 'ఈ' అక్షరం కడుపు నిండ మసి,
ఆ ఒక్క మాటలనే
మూడు నల్లచుక్కలు పడేవి.

"అంటే ఏంది సాబ్?"
"కాళ్లు పట్టుకునుడు బేటా,
బూట్లు ముట్టకుండ."

వాళ్ల అబ్బాజాన్ రాసే కాలంల
అదే జాగల 'ఫిద్వీ' ఉండేదట.
పానమిచ్చేటోడు అని అర్థమట.
చేదబాయి పూడిక తీయమని అడిగెటందుకు
పానమెందుకియ్యాలె మనిషి?
రాసిండ్రు మరి. కింద వేలుముద్రలేసిండ్రు.

నల్లగొండ గడియారం కాడ, రోడ్డు పక్క కుప్పల
అట్ట లేని డిక్షనరీ ఒకటి దొరికింది.
ఎనిమిది రూపాయలు. చెదలు తినంగ మిగిలిన పేజీల
ఆ మాట ఉన్నది.
విప్పి చూస్తే లోపల
వంగిన నడుము లేదు, జోడించిన చేతుల్లేవు.
ముందు తునక 'చుట్టూరా'.
ఎనుక తునక 'వెతుకుడు'.
అంతే.

రాత్రంత నిద్ర పట్టలే.
మా ఇంట్ల దేవులాడుడంటే వెతుకుడే,
పోయిన సూది కోసం, తప్పిపోయిన బర్రె కోసం.
బడి పుస్తకాలల్ల దేవురించుడంటే మాత్రం
చెయ్యి చాపుడు.
ఏ గడప తగిలి జారిందో ఈ మాట,
అక్కడా, ఇక్కడా.

తెల్లారి అండాలవ్వ వచ్చింది,
మర్రిగూడ దిక్కు నుంచి, రెండు బస్సులు మారి.
నడుము ముందే వంగి ఉన్నది.
ఎవలకో మొక్కి కాదు, నీళ్లు తాగి.
మూడు బోర్లేసిండ్రట ఊర్లె.
రెండు ఎండినయ్.
మూడోదాంట్ల పడ్డయి గానీ
ఆ నీళ్లే బొక్కలొంచినయ్.

కాయితం ఎక్కించి, చివరికొచ్చి ఆగిన.
"అవ్వా, మంచినీళ్లకు దేవులాడుతున్నమని రాయన్నా?"

మెడ తిరగదు ఆమెకు.
మనిషి మనిషే తిరిగి నన్ను చూసింది.
"నేనెందుకు దేవులాడాలె బిడ్డా?
నా నీళ్లు యాడ వోయినయో
ఆ కుర్సీల కూసున్నోళ్లను దేవులాడుమను."

కొంగుముడి విప్పి
రూపాయిన్నర బల్ల మీద పెట్టింది.

ఆ పొద్దు
'మేము' ఉండే జాగల 'మీరు' కొట్టిన.
'మీరు' ఉండే జాగల 'మేము'.
నడుమ బిసీచ్, దాని మూడు మసిచుక్కలతోని
అట్లనే ఉన్నది.

సాబు అద్దాలు పైకి జరిపి చదివిండు.
మల్ల చదివిండు.
తప్పున్నదని అనలే.
ఇంకుప్యాడు మూత తీసి
అవ్వ దిక్కు జరిపిండు.