లైన్లో ఉండండి

కుతాయిసి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో
పంతొమ్మిదేళ్లు తీగలు గుచ్చాను.
ఎవరి గొంతు ఏ రంధ్రంలో ఉంటుందో
చీకట్లో కూడా నా వేళ్లకి తెలుసు.
ఇప్పుడా గదిలో పరుపుల కొట్టు.

యాభై ఎనిమిదో ఏట
రియోనీ ఒడ్డున, లైబ్రరీ మేడ మీద
మంగళ, శుక్రవారాలు
బాచానా అనే కుర్రాడి దగ్గర
వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుంటున్నాను.
వాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు,
ఓపిక మాత్రం ముసలాడిది.
"ఇది ముందు వైపు, లామారా పిన్నీ, ఇది వెనక వైపు.
మధ్యలో మాట నడవాలి. అంతే."
అంతేనా!
ఆ అంతేకే కదా నాకు జీతమిచ్చింది.

నేనెంచుకున్న పని, ఊళ్లో వీధికుక్కల పట్టీ.
చెవికి పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు.
ఏది ఏ వీధిలో కనబడింది,
ఏది కుంటుతోంది,
ఏ కసాయి దేనికి ఎముక దాచి పెడుతున్నాడు.

ముందు వైపు వారంలో అయిపోయింది.
గుండ్రటి మూలల పెట్టెలు, ద్రాక్షరంగు బటన్.
నొక్కితే కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకొస్తుంది,
ఎక్కడికీ వెళ్లదు.
తలుపుకి కాలింగ్ బెల్ బిగించి
లోపల గంట పెట్టడం మరిచిన ఇల్లులా ఉంది.

వెనక వైపుకొచ్చేసరికి
తల ప్రాణం తోకకొచ్చింది.
కనెక్షన్ నిరాకరించారు, అంది యంత్రం.
నిరాకరించడానికి అక్కడ మనిషేడీ?
డేటాబేస్‌ని నిద్ర లేపడమే మరిచాను.
లేపాక, పోర్ట్ నంబరు తప్పు.
అదీ కుదిరాక, పాస్‌వర్డ్‌ని కోడ్‌లోనే రాశానని
బాచానా నెత్తి కొట్టుకున్నాడు.
"గోడకి రెండు చెవులైతే పిన్నీ,
దీనికి ఒళ్లంతా చెవులే."
సిగ్గుతో చచ్చాను.
ఊరందరి కాపురాలూ చెవిన పడ్డా
ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వనిదాన్ని.

శుక్రవారం, వాన.
బటన్ నొక్కాను.
కుక్క పేరు రావాల్సిన చోట
ఏదో అర్థం కాని రాత.
"ఇదేంట్రా?"
"మాట ఇచ్చింది పిన్నీ, జవాబు తెస్తానని.
నువ్వు జవాబు వచ్చేదాకా ఆగలేదు,
ఇచ్చిన మాటనే పట్టుకొచ్చి తెర మీద పెట్టేశావు.
ఆగమని చెప్పే పదం ఒకటుంది. అది రాయలేదు."

తొంభై మూడు, సెప్టెంబరు.
సుఖుమికి లైన్ కావాలంది ఎతేరి అనే ఆవిడ.
మూడు నిమిషాల్లో ఎత్తకపోతే తీసెయ్యమని మాకు రూలు.
అవతల మోగుతోంది, మోగుతూనే ఉంది.
ఆవిడ ఊపిరి నా చెవిలో.
"ఇంకొక్కసారి, అమ్మాయీ" అంది.
బోర్డు మీద పదకొండు దీపాలు వెలుగుతున్నాయి.
నేను తీగ లాగేశాను.

ఆ పదం రాశాను.
చిన్నదే. అక్షరాలు కొట్టడానికే చాలాసేపు పట్టింది.

నాలుగు వందల పదిహేడో బిళ్ళ కోసం వెతికాను.
రెండు చదరపు బ్రాకెట్లు వచ్చాయి,
మధ్యలో ఏమీ లేదు.
"మళ్ళీ తప్పా?"
"కాదు. లైన్ కలిసింది, లోపలంతా వెతికింది,
లేదని చెప్పింది. అదీ జవాబే."
నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
వాడు కిటికీ వైపు చూశాడు, మంచి పిల్లాడు.
లేదు అన్న మాటైనా
ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వాలి కదా.
ఎతేరికి అది కూడా నేను ఇవ్వలేదు.

మర్నాడు పరుపుల కొట్టు మెట్టు మీద
ముర్యా పడుకుని ఉంది, కుడి చెవికి బిళ్ళ.
నాలుగు వందల పదిహేడు.
వంగి చూస్తుంటే నా చెయ్యి నాకింది.
పట్టీలో మొదటి వరస అదే.

పేజీ తెరుచుకునేలోగా
గిరగిరా తిరిగే చక్రం పెట్టమంటాడు బాచానా.
నేను లైన్లో ఉండండి అని రాశాను.
దానికి ఒప్పుకున్నాడు.
ముప్పై సెకన్లు దాటితే మాత్రం
లైను తెంచెయ్యాల్సిందేనట, సర్వర్ మంచికోసం.
దాని మీద మా ఇద్దరికీ
ఇంకా పడటం లేదు.